సొన అంటే రసం కాదు

తెలుగు–సంస్కృత అకాడమీ పెద్దలకు, నిఘంటువుల పనిలో ఉన్న పండితులందరికీ,



నేను నూజివీడుకు దగ్గర్లో ఒక పల్లెలో ఉంటాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు పాఠం చెప్పి ఉద్యోగం విరమించాను. పుట్టిల్లూ మామిడితోటే, మెట్టినిల్లూ మామిడితోటే. ఈ ఉత్తరం ఒక్క మాట గురించి రాస్తున్నాను. రెండక్షరాల మాట. సొన.

మా ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువులో ఈ మాటకు ఎదురుగా రాసింది చాలా తక్కువ: రసము, ద్రవము, గుడ్డులోని పదార్థము. అంతే. చదివిన ప్రతిసారీ నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే మా ఊళ్ళో రసం అంటే పండు. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం. బజారులో "రసాలు ఎలా ఇస్తున్నావు" అని అడిగితే పండ్ల ధర చెబుతారు. రసం నోట్లోకి పోవాల్సింది, సొన నోటికి తగలకూడనిది. ఒకే కాయలో ఉండే ఈ రెండింటికీ మధ్య తేడా తెలియడమే మా దగ్గర మామిడి తెలియడం. నిఘంటువు ఒకదానికి అర్థంగా రెండోదాన్ని రాసి పెట్టింది.

సొన ఏమిటో చెబుతాను. ముదిరిన కాయను ముచ్చిక దగ్గర తుంచగానే చివ్వున చిమ్ముతుంది. మొదట వచ్చేది పల్చగా, నూనె లాగా ఉంటుంది, వాసన ఘాటు. కాసేపటికి చిక్కబడి జిగురుగా కారుతుంది. కాయలో సన్నని గొట్టాల్లాంటి దారులు ఉంటాయి, వాటిలో ఒత్తిడి మీద నిలిచి ఉండే నీరు అది. ముచ్చిక విరగడమంటే ఆ దారులకు మూత తీయడమే. నూనె లాంటి ఆ మొదటి భాగం కాయ తొక్క మీద పడితే, తొక్కకు ఉండే సన్నని చుక్కల్లాంటి రంధ్రాల గుండా లోపలికి దిగి అక్కడి కణాలను చంపుతుంది. కోసిన పూట ఏమీ కనిపించదు. తెల్లారేసరికి గీతలు గీతలుగా నల్లటి మచ్చలు తేలతాయి. లోపల పండు బంగారంలా ఉన్నా సరే, కొనేవాడు పైన మచ్చ చూసి పక్కన పెడతాడు.

ఈ మచ్చ ఖరీదు నాకు అనుభవమే. మా మావగారు పోయిన మరుసటేడు తోట బాధ్యత మా మీద పడింది. తొందరలో కొత్త కూలీలను పెట్టుకున్నాం. వాళ్ళు కాయలను చేత్తో తుంచి, ముచ్చికలు విరిచేసి, అలాగే ట్రేల్లో పోశారు. ఒక కాయ సొన ఇంకో కాయ మీద కారింది. మర్నాడు కమీషన్ కొట్టులో లోడంతా మచ్చకాయ కింద లెక్క కట్టారు. ఆ ఏడాది ఎరువుల బాకీ తీరలేదు. మా అత్తగారు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, "సొన పోయించకుండా కాయను కింద పెట్టకూడదమ్మా" అని మాత్రం అన్నారు. ఆమెకు చదువు రాదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇప్పుడు కరపత్రాల్లో చెబుతున్నది ఆ ఒక్క వాక్యమే: కాయను కాస్త తొడిమతో కోయాలి, తర్వాత నీడలో తొడిమ తీసి తలకిందులుగా పెట్టి సొన కారిపోనివ్వాలి, లేదంటే సున్నపు నీళ్ళలో ముంచి తీయాలి.

చిన్నరసం తినడం నేర్పేటప్పుడు కూడా పిల్లలకు మొదటి పాఠం సొనే. పండును రెండు అరచేతుల మధ్య మెల్లగా మెదిపి, ముచ్చిక గిల్లి, మొదటి చుక్కలు పిండి పారబోశాకే నోటికి ఆనించాలి. ఆత్రపడ్డ పిల్లల మూతులు వేసవంతా పొక్కి ఉండేవి. జీడిమామిడి, చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి, జపానువాళ్ళు చెక్కపెట్టెలకు మెరుపు పూత వేసే ఉరుషి చెట్టు, ఇవన్నీ మామిడి కుటుంబంలోవే. చర్మాన్ని పొక్కించే గుణం ఈ కుటుంబానికి పుట్టుకతో వచ్చింది.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి కారణమైన సంగతి.

మా అమ్మాయి కూతురు పై చదువుకు ఎస్టోనియా వెళ్ళింది. బాల్టిక్ సముద్రం ఒడ్డున చిన్న దేశం. అక్కడ టార్టు అనే ఊళ్ళో 1632లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది. చేరిన కొత్తలో వాళ్ళ భాష నేర్చుకునే తరగతికి వెళ్ళి, ఆ రాత్రే ఫోన్ చేసింది. "అమ్మమ్మా, ఇక్కడ సొన అంటే ఏమిటో తెలుసా? మాట! పదం! నిఘంటువును సొనరామత్ అంటారు. రామత్ అంటే పుస్తకం." తర్వాత దాన్ని ఎలా పలుకుతారో పలికి వినిపించింది. మన ఒకారం కాదది, పెదవులు గుండ్రంగా చుట్టకుండా గొంతు వెనక నుంచి తీసే అచ్చు. అయినా చెవికి సొనే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో మంచు దేశంలో మాటనే సొన అంటున్నారు. మా ఊళ్ళో సొన అనే మాట చూస్తుండగానే ఆరిపోతోంది. మా వీధి పిల్లలకు సొన అంటే పచ్చసొన, తెల్లసొన. గుడ్డు పగలగొడితే కనిపించేది. మామిడిసొన అంటే "అది జిగురు కదా" అంటున్నారు.

అప్పటి నుంచి ఈ మాట ఎక్కడెక్కడ ఏమవుతుందో నేనూ మనవరాలూ కలిసి వెతికాం. ఐర్లండువాళ్ళ భాషలో సొన అంటే సంతోషంగా ఉన్న, అదృష్టం కలిసొచ్చిన అని అర్థం. పండగ శుభాకాంక్షల్లో ఆ మాటే వాడతారు. దానికి ఎదురుమాట దొన. తురుష్క భాషలో సొన అంటే చివరికి. ఒక పని ముగిసిందని చెప్పాలంటే "సొన చేరింది" అన్నట్టుగా అంటారు. హిందీలో సోనా అంటే బంగారం, నిద్రపోవడం కూడా సోనాయే. బంగారం సంస్కృతంలోని సువర్ణం నుంచి, నిద్ర స్వప్నానికి మూలమైన ధాతువు నుంచి వచ్చి, అరిగి అరిగి ఒకే రూపానికి చేరాయి. బెంగాలీల నోట షోనా అంటే బంగారమూ, వినడమూ. మన భాషలోనే దీర్ఘం ఇచ్చి సోన అంటే విడవకుండా పట్టుకున్న వాన. కన్నడిగులు ఇప్పటికీ సోనె మళె అంటారు.

అన్నిటికన్నా నా మనసు పట్టుకున్నది ఆఫ్రికాలో ఉంది. అంగోలా తూర్పు భాగంలో చోక్వే జనం ఇసుక మీద ముందు వేళ్ళతో వరసగా చుక్కలు పెట్టి, ఆ చుక్కల చుట్టూ వేలు ఎత్తకుండా గీత తిప్పుతూ బొమ్మలు గీస్తారు. గీస్తూనే కథ చెబుతారు. ఒక బొమ్మ అయితే లుసొన, అనేకమైతే సొన. 2023లో యునెస్కో ఈ విద్యను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బొమ్మలు చూస్తే మన మెలికల ముగ్గులే అనిపిస్తుంది. తమిళనాడు కోలాలతో వీటిని పోల్చి లెక్కలు కట్టిన గణిత శాస్త్రజ్ఞులు ఉన్నారు. వాళ్ళ సొన మన ముగ్గు. మా ఇళ్ళలో ముగ్గు అంటే గుమ్మం ముందు వేసేదీ, గడ్డిలో పెట్టిన కాయ చేసేదీ. ముగ్గిన పండు, ముగ్గబెట్టిన కాయ అంటాం. ముగ్గు వేసే చేతులే కాయలు ముగ్గబెడతాయి కాబట్టి మాకు ఎప్పుడూ తికమక రాలేదు.

అయ్యా, ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఇలాంటి పోలికలు దొరకగానే మనవాళ్ళలో కొందరు ఆవేశపడతారు. "చూశారా, ఎస్టోనియా భాషకు తల్లి తెలుగే" అని సభల్లో చెబుతారు. నాకు తెలుగంటే ఎంత ప్రాణమో ఆ మాటంటే అంత భయం. ఇది కొత్త మోజు కూడా కాదు. 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ అంతటివాడే మన భాషలకు ఫిన్లాండు వైపు భాషలతో చుట్టరికం ఉందని వాదించాడు. ఆయన చూసినవి మాటల కంటే లోతైన పోలికలు, అయినా ఆ వాదం నిలబడలేదు. ఎస్టోనియావాళ్ళ సొనకు అసలు తోబుట్టువు పక్కనే ఉన్న ఫిన్లాండులో ఉంది. అక్కడ మాటను సన అంటారు.

మనిషి నోరు పలికే ధ్వనులు లెక్కకు కొన్నే. భాషలు వేలు. రెండక్షరాల మాటలు ఎక్కడో ఒకచోట ఢీకొనక తప్పదు. ఆస్ట్రేలియా ఈశాన్యాన ఎంబబరం అనే భాష ఉండేది. అందులో కుక్కను డాగ్ అనేవారు, ఇంగ్లీషువాళ్ళ లాగే. అది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట కాదు. గుదగ అనే పాత రూపం అరిగి అలా అయిందని భాషాశాస్త్రవేత్త డిక్సన్ చూపించాడు.

మరి మన సొనకు చుట్టాలే లేరా? ఉన్నారు, ఎంతో దగ్గర్లో. కన్నడంలో మామిడి సొనను సొనె అంటారు. మలయాళంలో చున. కేరళ పిల్లల మూతులూ చున తగిలి పొక్కుతాయి. ఇది చెవికి వినిపించిన పోలిక మాత్రమే కాదు. మన పొగ కన్నడంలో హొగె, మలయాళంలో పుక. మన మొన కన్నడంలో మొనె, మలయాళంలో మున. అదే దారిలో సొన, సొనె, చున. ఒక మాట మారిన తీరులోనే మరో మాటా మారింది, పైగా మూడు చోట్లా అదే కాయ, అదే ముచ్చిక, అదే మంట. తమిళులు మాత్రం దాన్ని మామిడికాయ పాలు అంటారు. తెలుగు, కన్నడ, తమిళాలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని ఎల్లిస్ దొర మదరాసులో 1816లో చూపించింది ఇలాంటి రోజువారీ మాటలు పక్కపక్కన పెట్టే. ఆ వ్యాసం అచ్చయింది కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాటల్లో. అంటే మన ముంగిట్లో పని చేసేవాళ్ళ మాటలే మన వంశవృక్షానికి సాక్ష్యాలు. ఒక్కో మాటా పోయినకొద్దీ ఒక్కో సాక్షి పోయినట్టే.

ఐర్లండువాళ్ళ సొనకు కూడా అనుకోని చోట చుట్టరికం కనిపించింది. వాళ్ళ భాషలో సొ అంటే మంచి, దొ అంటే చెడు అని మాటకు ముందు చేరే ముక్కలు ఉన్నాయి. సంస్కృతంలో సు, దుః ఎలాగో అలా, మూలం కూడా ఒకటే. హిందీ సోనాలో నలిగి దాక్కున్న సువర్ణానికి తలకాయ ఆ సు అనే ముక్కే. అచ్చు గుద్దినట్టున్న ఎస్టోనియా సొన మనకు ఏమీ కాదు, సంబంధమే లేదనుకున్న ఐర్లండు సంతోషమూ ఉత్తరాది బంగారమూ మాత్రం పాత చుట్టాలు. తెలుగు చెప్పుకుని బతికినదాన్ని, ఈ వయసులో ఇది తెలిసినందుకు ఎంత ఆనందించానో చెప్పలేను.

మాట మనుషులతో ప్రయాణం చేసే తీరు ఇంకొకటి ఉంది. మలయాళంలో పచ్చి మామిడి మాంగ. పోర్చుగీసువారు దాన్ని మంగ చేసుకున్నారు. వాళ్ళ భాషలో అప్పటికే మంగ అంటే చొక్కా చెయ్యి. ఇంగ్లీషువారి చేతికి అది మ్యాంగో అయింది. 17వ శతాబ్దంలో మామిడిపండు ఓడలో ఇంగ్లండు చేరేలోపు కుళ్ళిపోయేది కాబట్టి వాళ్ళు చూసింది ఉప్పునీళ్ళలో ఊరిన కాయనే. దాంతో మ్యాంగో అంటే ఊరగాయ అనుకున్నారు. దోసకాయల్లో, పీచు పండ్లలో మసాలా కూరి ఊరబెట్టి వాటినీ మ్యాంగోలే అన్నారు. ఆ అలవాటు అమెరికా చేరింది. ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియా పల్లెల్లో పాతతరం వాళ్ళకు మ్యాంగో అంటే ఆకుపచ్చ బెంగుళూరు మిరప. ఆ మిరపకు సొన ఉండదు. చెట్టు కిందకు ఎప్పుడూ రాని మనుషుల దగ్గరకు పేరు ఒక్కటే వెళ్ళింది, కాయ సంగతి వెళ్ళలేదు.

మా సొనకు అలాంటి గతి మా ఊళ్ళోనే పడుతోందని నా బాధ.

మా చుట్టుపక్కల ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు ఎటు చూసినా మామిడే ఉండేది. ఇప్పుడు కాపు నిలవక, పురుగు మందుల ఖర్చు భరించలేక తోటలు కొట్టించి ఆయిల్‌పామ్ పెట్టిన వాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టను, అప్పు ఏమిటో నాకు తెలుసు. మిగిలిన తోటల్లో చాలావరకు పూత మీదే గుత్తకు ఇచ్చేస్తున్నారు. గుత్తదారుడు ఎక్కడి నుంచో కోతమనుషులను తెస్తాడు. చిక్కం పట్టుకుని కొమ్మ మీద నిలబడి ఏ కాయ పరువుకు వచ్చిందో భుజాలు చూసి చెప్పే మనిషి మా ఊళ్ళో ఇక ఒక్కడే. ఎనభై దాటింది. "టీచరమ్మగారూ, పొద్దున కాయకు సొన జోరెక్కువ, ముచ్చిక మీద చెయ్యెయ్యమాకండి" అని ఇప్పటికీ నన్ను హెచ్చరిస్తాడు. ఆయన నోట్లో ఉన్న మామిడి మాటలు నేను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. ముచ్చిక, చిక్కం, దోటి, పిందె, జీడి, టెంక, పరువు. జీడి అంటే లేతకాయ లోపలి పప్పు అని మా దగ్గర అర్థం. కాయ ముదిరి ఆ జీడి చుట్టూ పెంకు గట్టిపడితే టెంక పట్టింది అంటాం. ఆవకాయకు కాయలు ఎంచేటప్పుడు ఆ తేడా తెలియకపోతే జాడీ అంతా పాడవుతుంది.

ఈ పని మీకు కొత్త కాదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీద తెచ్చింది. 1971లో చేనేత సంపుటం వచ్చింది. బల్లల ముందు కూర్చుని రాసినవి కావవి. జిల్లాలు తిరిగి, రైతునూ నేతగాణ్ణీ అడిగి, ఏ మాట ఎక్కడ అంటారో రాసుకుని కూర్చినవి. ద్రావిడ భాషల చరిత్రలో అంత లోతుకు వెళ్ళిన పండితుడు నాగలి భాగాల పేర్ల కోసం పల్లెలకు మనుషులను పంపారంటే, ఆ మాటల విలువ ఆయనకు తెలుసు. మామిడికి కూడా విడిగా అలాంటి సంపుటం ఒకటి కావాలని మిమ్మల్ని వేడుకుంటున్నాను. నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు కాయ సంగతి తెలుసు, మీకు మాట సంగతి తెలుసు. ఇద్దరూ ఒక్క వేసవి మా తోటల్లో కలిసి తిరిగితే చాలు.

పెద్ద సంపుటానికి నిధులు, అనుమతులు కావాలని, ఆలస్యమవుతుందని నాకూ తెలుసు. అందాకా మీరు ఈసారి అచ్చు వేసే ఏ నిఘంటువులోనైనా సొన దగ్గర ఈ వాక్యాలు చేర్చండి:

సొన: మామిడి మొదలైన కాయల ముచ్చిక విరిచినప్పుడు చిమ్మి కారే ఘాటైన జిగురునీరు. తగిలితే మూతి, చర్మం పొక్కుతాయి. కాయ తొక్క మీద పడితే నల్లని మచ్చ తేలుతుంది. పండు తినే ముందు దీన్ని పిండి పారబోస్తారు. కన్నడం సొనె, మలయాళం చున.

గుడ్డు అర్థాన్ని దాని కింద ఉంచండి, తీసేయమని నేను అనను. రసము అనే మాటను మాత్రం అక్కడి నుంచి తప్పించండి. ఆ పుస్తకం పట్టుకుని మా వైపు వచ్చిన ఏ పిల్లవాడూ రసం, సొన ఒకటేననుకుని పండును నేరుగా నోట్లో పెట్టుకోకూడదు.

మాటలు సేకరించడానికి ఎవరినైనా పంపితే మే నెలలో పంపండి, చిన్నరసాల కోతలు జోరుగా ఉంటాయి. మా ఇంట్లోనే ఉండవచ్చు, భోజనానికి లోటుండదు. తెల్లవారుజామునే తోటకు వెళ్ళాలి, పెద్దాయన ఎండెక్కితే మాట్లాడలేడు. వచ్చేవాళ్ళను పాత బట్టలు తెచ్చుకోమనండి. సొన మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

ఇట్లు,
నూజివీడు మామిడితోటల నుంచి
ఒక తెలుగు ఉపాధ్యాయిని